ముఖస్థానం

...అసలు ముఖం లేకపోతే మనిషికి వచ్చే నష్టం ఏమిటని చిదంబరం ఆలోచన అప్పటికే చాలా దూరం వెళ్ళిపోయింది. చెయ్యి లేకపోతే అన్నం తినడం కష్టం. కాలు లేకపోతే బస్సెక్కడం కష్టం. ముఖం లేకపోతే? గడ్డం గీసుకోనక్కర్లేదు. ఎదుటివాడు నమస్కారం పెడితే సంతోషించినట్టు కనబడనక్కర్లేదు. ఇంటి యజమానురాలు మెట్ల మీద ఎదురవుతుందేమోనని, ఏ ముఖం పెట్టుకోవాలో గదిలోనే నిర్ణయించుకుని కిందికి దిగనక్కర్లేదు. ఆలోచించి చూస్తే ముఖం మనిషికి చేసే సేవకంటే మనిషి ముఖానికి చేసే చాకిరీయే ఎక్కువ. పసిపిల్ల కళ్ళు తెరిచి మొదట వెతికేది ముఖాన్నేనని ఒక మనస్తత్వ శాస్త్రగ్రంథంలో చదివాడు. ఆ వెతుకులాట ఇక ఆగదట. మబ్బుల్లో, పెచ్చులూడిన గోడల్లో, దోసె మీద మాడిన మచ్చల్లో కూడా మనిషి ముఖాలనే చూస్తాడట. చూడకపోతే జబ్బు కిందే లెక్క. ఆ జబ్బు తనకు కాస్తయినా ఉంటే బాగుండేదని చిదంబరానికి చాలాసార్లు అనిపించింది.

"ఏవండీ చిదంబరంగారూ, ఉన్నారా?" అంది ఎదురుగా నిలబడ్డ చీర.

"ఉన్నాను."

"ఉంటే కాస్త దగ్గండి. నాకు మీరు కనబడరు కదా. ఎవరూ లేరనుకుని ఇందాకటినుంచీ ముక్కు గోక్కుంటున్నాను."

చీర లోపల ఉన్నది హైమావతి. చేనేత వస్త్ర వైభవ సంస్థకు చాలా ఏళ్ళుగా ఆమే మోడల్. కట్టుకున్న చీర కట్టుకున్నట్టే ఉంది. అదే రంగు, అదే అంచు ఉన్న ఇంకో చీరను మాత్రం నుదుటినుంచి గడ్డం దాకా మడతలు మడతలుగా చుట్టి, పమిట చెంగు సరిగ్గా ముక్కు మీదికి వచ్చేలా పిన్నులు పెట్టారు. పెట్టింది చిదంబరమే. సంస్థ ఫొటోగ్రాఫరు ఆయనే.

"నవ్వమంటారా?"

"నవ్వినా తెలియదు."

"తెలియకపోయినా నవ్వాలా, అక్కర్లేదా?"

"సర్క్యులరులో నవ్వు ప్రస్తావన లేదు."

"అయితే నవ్వను. ఒక పని తప్పింది," అంది చీర.

ఆ సర్క్యులరు పుట్టుక ఎంతో సక్రమంగా జరిగింది. బెజవాడ బస్టాండు ఎదురుగా సంస్థ పెట్టించిన పెద్ద బోర్డు కింద నిలబడి ఒక బృందం జనాభిప్రాయం సేకరించింది. బోర్డు చూసినవాళ్ళలో ఎక్కువమంది "ఎవరండీ ఆ అమ్మాయి?" అని అడిగారు. కొందరు "ఏ సినిమా?" అన్నారు. ఒక పెద్దాయన పళ్ళపొడి ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. చీర గురించి అడిగినవాడు ఒక్కడే. అతను ఆ చీరను నేసినవాడు. బోర్డు మీద అంచు తలకిందులుగా వచ్చిందని చెప్పుకోవడానికి వచ్చాడు.

మేనేజింగ్ డైరెక్టరు ప్రభంజనరావుగారు ఈ నివేదిక చదివి చలించిపోయి, అక్కడికక్కడే ఒక వాక్యం చెప్పి టైపు చేయించారు: ఇకమీదట సంస్థ తీయించు సమస్త ఛాయాచిత్రములందు చీరకే ముఖ్యస్థానము ఇవ్వవలెను.

వాక్యంలో లోపం లేదు. లోపం యంత్రంలో ఉంది. పాలన అంతా తెలుగులోనే జరగాలనే ఉత్సాహం ఆఫీసులను ఊపేస్తున్న రోజులవి. ఆ ఊపులో సంస్థకు కొత్త తెలుగు టైపు మిషను వచ్చింది. వచ్చిన వారానికే దాని యావత్తు మీట విరిగిపోయింది. ఏ అక్షరం కిందా యావత్తు పడటం లేదని టైపిస్టు మాణిక్యమ్మ రాతపూర్వకంగా తెలియజేసింది. లభ్యమైన అక్షరములతో సర్దుకొనవలెనని జవాబు వచ్చింది. ఆ జవాబును కూడా టైపు చేసుకోవలసింది ఆమే కాబట్టి అది "లభమైన అక్షరములతో" అని వచ్చింది. అప్పటినుంచీ సంస్థ ఉత్తరాలన్నీ "కారాలయము" నుంచి బయలుదేరి "ధనవాదములతో" ముగిసేవి. సిబ్బందికి వెళ్ళే మెమోల్లో "ఇది మీ బాధత" అని ఉండేది. ఆ మాట మాత్రం వెనకటికంటే ఇప్పుడే నిజంగా ఉందని అందరూ ఒప్పుకున్నారు.

ఆ విధంగా చీరకు ముఖస్థానము లభించింది. ప్రభంజనరావుగారు సంతకం పెట్టారు.

"సార్, అది ముఖ్యస్థానం అండీ. యావత్తు పడలేదు," అంది మాణిక్యమ్మ.

"యావత్తూ పడకపోవడం ఏమిటమ్మా? సంతకం పడిందా లేదా?"

"అది పడిందండి."

"మరింకేం?"

అయినా ఆయన తెలివితక్కువ మనిషి కాదు. ఆ సాయంత్రమే సమావేశం పెట్టారు. సంస్థ భాషా సలహాదారు విద్వాన్ శఠకోపాచార్యులుగారు మధ్యలో కూర్చున్నారు. ఆయన చేతిసంచీలో ఎప్పుడూ ఒక నిఘంటువు, ఒక మరచెంబు ఉంటాయి. దేని అవసరం ఎప్పుడు వస్తుందో తెలియదంటారు.

"సమస్యను మూడు ముక్కల్లో ప్రెజెంట్ చేస్తాను," అన్నారు ప్రభంజనరావుగారు. "ఇందులో తప్పుందంటే నేను చదవకుండా సంతకం పెట్టానని అర్థం. నేను చదివే పెట్టాను. కాబట్టి తప్పు లేదు. తప్పు కానప్పుడు అదేమిటో ఆచార్యులవారు సెలవివ్వాలి."

ఆచార్యులుగారు కళ్ళు మూసుకున్నారు. ముఖము అనే మాటనుంచే ముఖ్యము పుట్టిందని, ముఖము తల్లి అని, ముఖ్యము పిల్ల అని చెప్పారు. "డైరెక్టరువారు పిల్లను విడిచి తల్లిని ఆశ్రయించినారు. దీనిని దోషమనుట అజ్ఞానము. ఇది మూలాన్వేషణము."

"అదీ సంగతి," అన్నారు ప్రభంజనరావుగారు. తాను ఏం చేశారో ఆయనకు అప్పుడే తెలిసింది.

చిదంబరం గోడవైపు చూస్తూ అడిగాడు. "అంటే... ముఖం ఉండే చోట చీర పెట్టాలాండీ?"

"సమాసము నిన్ను పిలిచి చెప్పుచున్నది కదయ్యా. ముఖము యొక్క స్థానము, ముఖస్థానము. షష్ఠీ తత్పురుషము. షష్ఠీ తత్పురుషము ఎక్కడ పెట్టమన్నదో అక్కడ పెట్టుము."

మర్నాడు ఎవరో నోటీసు బోర్డు మీది సర్క్యులరులో ఖ కింద నీలిసిరాతో ఒక యావత్తు చేర్చారు. ఆఫీసు అట్టుడికిపోయింది. అందరి పెన్నులూ తెప్పించి సిరా పోల్చారు. "గుర్తు తెలియని దుండగుడు ఒక్క యావత్తును చేర్చి సంస్థ ప్రతిష్ఠ యావత్తును దెబ్బతీయజూచెను" అని విచారణ నివేదికలో ఆచార్యులుగారు తమ చేత్తో రాశారు. మిషనుమీద కొడితే వాక్యంలో చమత్కారం నిలవదని ఆయన భయం. నేరం జరిగిన చోటును ఫొటో తీయమని చిదంబరాన్ని పిలిచారు. ఆయన ముక్కాలిపీట మీద కెమెరా బిగించాక, ఇది కూడా సంస్థ తీయించే ఛాయాచిత్రమే కదా అని ఎవరికో గుర్తొచ్చింది. నోటీసు బోర్డుకు ముఖం ఏది? "ఊర్ధ్వభాగము" అన్నారు ఆచార్యులుగారు. బోర్డు పైసగం మీద వెంకటగిరి చీర కప్పి ఫొటో తీశారు. సర్క్యులరు ఆ పైసగంలోనే ఉంది. కప్పిన చీర నాణ్యంగా వచ్చింది. విచారణ సంతృప్తికరంగా ముగిసింది. యావత్తును బ్లేడుతో గీకేసి, సర్క్యులరును గాజుబీరువాలో పెట్టి తాళం వేశారు.

చిదంబరం ఇవన్నీ చూస్తూ లోపల్లోపల ఒక విషయం గమనించుకున్నాడు. తనకు హాయిగా ఉంది. ఇరవయ్యేళ్ళుగా ఎదుట నిలబడ్డవాళ్ళ ముఖంలోకి చూడవలసి వచ్చినప్పుడల్లా చూపు తప్పించుకునేవాడు. కెమెరా నల్లగుడ్డ కిందికి దూరితేగాని ఊపిరి ఆడేది కాదు. ఇప్పుడు ఎదుట ముఖమే లేదు. మూర్ఖత్వం ఎక్కడో పైనుంచి వచ్చి తన లోపలి పిరికితనాన్ని దువ్వుతోంది. రెండూ ఒకే ఇంట్లో పుట్టినట్టు కలిసిపోయాయి. సమాజంలో చాలా ఆజ్ఞలు ఇలాగే నిలబడతాయి కాబోలు అనుకుని, ఆ ఆలోచన తెలివిగా ఉన్నందుకు సంతోషించి, మళ్ళీ పిన్నులు పెట్టడంలో మునిగిపోయాడు.

ఒకనాడు ఉప్పాడ చీరలు తీస్తున్నారు. చిదంబరం నల్లగుడ్డ కింద ఉన్నాడు. పాత పెద్ద కెమెరా కాబట్టి వెనక గరుకు అద్దం మీద మనిషి తలకిందులుగా కనబడుతుంది. హైమావతి టీ తాగడానికి ముఖం మీది చీర విప్పుకుంది. అద్దం మీద ఆమె పెదవి ఒక కొస పైకి లేచి ఉంది. ఏదో తుంటరి తలపు వచ్చి సగం నవ్వి ఆపుకున్నట్టుంది. బాగుందే అనుకుని గుడ్డ తీసి బయటికి వచ్చి చూశాడు.

నవ్వు కాదు. పెదవి ఎడమ కొస కిందికి జారిపోయి ఉంది. ఆ వైపు కన్ను రెప్ప వేయడం లేదు. టీ ఆ కొసనుంచి గడ్డం మీదికి కారుతోంది. ఆమె చెంగుతో తుడుచుకుంది.

"చూసేశారా?" అంది.

"ఎప్పట్నుంచి?"

"కార్తీకమాసంలో. పొద్దున్నే లేచి పుక్కిలిస్తే నీళ్ళు ఓ పక్కనుంచి కారిపోయాయండీ. అద్దంలో చూసుకుంటే సగం ముఖం ఇంకా నిద్రలేవలా. డాక్టరుగారేమో నరం అన్నారు. తగ్గినా తగ్గొచ్చు, తగ్గకపోయినా పోవచ్చు అన్నారు. ఆయన మన ఆఫీసులో ఉండాల్సినవాడు."

"నాకు చెప్పలేదేం?"

"మీరు చూడలేదుగా! రోజూ పిన్నులు పెడతానే ఉన్నారు, నా ముఖం మీదే." ఆమె నవ్వబోయింది. నవ్వు కుడివైపుకే వెళ్ళింది. "సెలవు పెడదామా, మానేద్దామా అని చస్తుంటే ఈ సర్క్యులరు వచ్చింది. ఏ దేవుడు విరగ్గొట్టాడో ఆ మీట! చిదంబరంగారూ, మీకు దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పకండి. ఈ పని పోతే తెనాలిలో మా అన్నయ్య ఇల్లే నాకు గతి."

"మీ వదిన మంచిది కాదా?"

"మంచిదండీ. అదే కదా బాధ. ఇంటికొచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి 'పాపం, కేలెండర్లలో ఉండేది' అంటుంది. కడుపు నింపుకోవడానికి ఏ పనైనా చేస్తాను. 'పాపం' అనిపించుకుంటా కూర్చోవడం మాత్రం నా వల్ల కాదు."

ఆ పూట చిదంబరం మామూలుకంటే ఎక్కువ పిన్నులు పెట్టాడు.

గదికి వెళ్ళాక ఆయన మనసు ఎప్పటిలాగే తనను తాను తవ్వుకుంది. చూడలేదుగా అంది. నిజమే, చూడలేదు. చూడనక్కర్లేదన్న హాయిలో నెలలు గడిపాడు. దానికి ప్రాయశ్చిత్తం ఏమిటి? ఆమె ఉద్యోగం సర్క్యులరు మీద ఆధారపడి ఉంది. సర్క్యులరు విరిగిన మీట మీద ఆధారపడి ఉంది. మీట రేపో మాపో బాగుపడవచ్చు. కాబట్టి సర్క్యులరును ఎవరూ కదల్చలేనంత పెద్దది చేయాలి. ఒక్కరు పాటించే పిచ్చిని పిచ్చి అంటారు. అందరూ పాటిస్తే దాన్ని రద్దు చేయమని అడిగేవాడే పిచ్చివాడవుతాడు. జీవితంలో మొదటిసారి చిదంబరానికి ఒక ఆశయం దొరికింది.

అదృష్టం కూడా కలిసి వచ్చింది. ముఖస్థానపు కొత్త బోర్డును ఢిల్లీనుంచి వచ్చిన కళాకోవిదులు చూశారు. "ఇది చూపును నిరాకరించిన చిత్రం" అన్నారు. ప్రభంజనరావుగారు మొదట అది తిట్టేమోనని భయపడ్డారు. పొగడ్తేనని తెలిశాక ఆ వాక్యాన్ని ఫ్రేము కట్టించారు. ఊళ్ళో చదువుకున్న ఆడవాళ్ళు చెంగు ముఖానికి చుట్టుకుని పేరంటాలకు వెళ్ళడం మొదలుపెట్టారు. బెజవాడ ఎండకు ముఖానికి గుడ్డ కట్టుకోవడం కొత్తేమీ కాదు గాని, ఇప్పుడు దానికొక సిద్ధాంతం దొరికింది.

"మిస్టర్ చిదంబరం, మన పాలసీకి హిస్టారికల్ బ్యాక్‌గ్రౌండ్ కావాలి. ప్రపంచ ఫ్యాషన్ ఫొటోగ్రఫీ మొత్తం మన సర్క్యులరు కోసమే ఎదురుచూసినట్టు రాయండి," అన్నారు డైరెక్టరుగారు.

చిదంబరం రాశాడు. తొలిరోజుల్లో కెమెరా పలక మీద బొమ్మ పడటానికి చాలాసేపు పట్టేది కాబట్టి మనిషి కదలకుండా మెడ వెనక ఇనుప పట్టుకొమ్మ బిగించేవారు. ముఖం అప్పుడే సగం చచ్చిపోయింది. తర్వాత దొరల ఇళ్ళ ఆడవాళ్ళ ముఖాలు మెత్తగా కనబడాలని లెన్సుకు వాసెలీను పూశారు, పట్టుమేజోడు తొడిగారు. ముఖం మంచులో కరిగింది. తర్వాత బట్ట కదలికలో చూపించాలని మోడళ్ళను సముద్రపు ఒడ్డున పరుగెత్తించారు, గెంతించారు. గాలికి జుట్టు ముఖాన్ని కప్పేసింది. తర్వాత గౌను మొత్తం చూపించాలని గడ్డం దగ్గర బొమ్మ కత్తిరించడం మొదలైంది. ముఖం నిష్క్రమించింది. మిగిలింది ఖాళీ స్థానం. దాన్ని చీరతో నింపిన ఘనత మన సంస్థది. చిదంబరం రాసినదాన్ని మళ్ళీ చదువుకున్నాడు. ఒక్కొక్క ముక్కా నిజమే. నిజాలను వరసగా నిలబెడితే ఎంత బుద్ధిగా అబద్ధం వైపు నడుస్తాయో ఆయనకు అప్పుడే తెలిసింది.

నివేదిక చేతికిస్తూ ఆయన ఎవరూ అడగకుండానే నోరు తెరిచాడు. "సార్, గుర్తింపు కార్డుల మీద ఫొటోలు కూడా సంస్థ తీయించేవే కదండీ."

ప్రభంజనరావుగారు లేచి వచ్చి ఆయన భుజం తట్టారు. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని అండర్ ఎస్టిమేట్ చేశానయ్యా," అన్నారు.

అందరికీ కొత్త కార్డులు వచ్చాయి. డైరెక్టరుగారి ముఖస్థానంలో ధర్మవరం పట్టు. విభాగాధిపతులకు వెంకటగిరి జరీ. గుమాస్తాలకు మంగళగిరి నూలు. కాపలావాళ్ళకు తుండు. గేటు దగ్గర కార్డులో ఉన్నట్టే మనిషి ఉన్నాడా లేదా అని సరిచూస్తారు కనుక, సిబ్బంది పొద్దున్నే ఎవరి బట్ట వాళ్ళు ముఖానికి చుట్టుకుని రావలసి వచ్చింది. నెలలోపే అలవాటైపోయింది. పై అధికారి తిడుతున్నప్పుడు లోపల నాలుక వెళ్ళబెట్టవచ్చని కనిపెట్టాక సిబ్బందిలో ఉత్సాహం పెరిగింది. అధికారులు కూడా లోపల నిద్రపోవచ్చని కనిపెట్టారు.

"చిదంబరంగారూ, ఒకటి చెప్తాను, ఎవరితో అనకండి," అంది మాణిక్యమ్మ ఒకరోజు. "నిన్న నేను రాలేదు. మా ఆడపడుచుని పంపించాను. నా బట్ట చుట్టుకుని వచ్చి రోజంతా టైపు కొట్టి వెళ్ళింది. ఎవరికీ అనుమానం రాలా."

"తప్పు కదమ్మా."

"తప్పేంటండీ, దానికి తప్పులు నాకంటే తక్కువే వచ్చాయి. అయినా మీరు చిదంబరంగారేనా? మాట తీరు చూసి అనుకుంటున్నా గాని..."

"నేనే."

"ఏమోలెండి. పేరే చిదంబరం. తెర తీస్తే లోపల ఎవరూ ఉండరేమో!"

మాణిక్యమ్మ నవ్వుతూ వెళ్ళిపోయింది. చిదంబరం మాత్రం నవ్వలేదు. అద్దంలో చూసుకుందామనుకుని, బట్ట విప్పితే మళ్ళీ చుట్టుకోవడం శ్రమని ఊరుకున్నాడు. హైమావతి మాత్రం ఆ రోజుల్లో హుషారుగా ఉండేది. ఆఫీసంతా తనలాగే తిరుగుతుంటే తానొక్కతే దాక్కున్నట్టు లేదంది. ఆ మాట విన్నాక ఆయన తన ఆశయం నెరవేరిందనుకున్నాడు.

అంతలో మంత్రిగారు వచ్చారు.

సంస్థకు బహుమతి వచ్చిన సందర్భంలో సభ. చివర బృంద ఛాయాచిత్రం. మంత్రిగారికి ముఖస్థానం చుట్టాలా అని ప్రభంజనరావుగారికి చెమటలు పట్టాయి. సర్క్యులరులో మినహాయింపు లేదని ఆచార్యులుగారు తేల్చారు. భయపడ్డదేమీ జరగలేదు. మంత్రిగారి దగ్గరికి ఎవరైనా బట్ట పట్టుకుని వస్తే అది సన్మానమేనని ఆయనకు అలవాటు. బట్ట ముఖానికి చుడుతుంటే ఇది కొత్తరకం శాలువా కాబోలనుకుని కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. చిదంబరం పిన్నులు పెట్టాడు.

మర్నాడు పత్రికల్లో బొమ్మ వచ్చింది. ఒకే ఎత్తులో, ఒకే తీరులో వరసగా చీరలు నిలబడి ఉన్నాయి. అందులో తానెవరో పోల్చుకోలేక మంత్రిగారు ఇంట్లోవాళ్ళను పిలిచారు. వాళ్ళు తలా ఒకరిని చూపించారు. ఆయన సతీమణి వేలు పెట్టి చూపించింది ఆచార్యులుగారిని. వారం తిరక్కుండా శాసనసభలో ప్రతిపక్షం లేచి, మంత్రిగారు ఆ సభకు హాజరయ్యారనడానికి ఆధారమేమిటని అడిగింది. ఆధారంగా ఆ ఫొటోనే చూపించారు. సభ చాలాసేపు వాయిదా పడింది.

ఆ సాయంత్రమే ఎక్కడినుంచో మెకానిక్కు దిగి యావత్తు మీట బాగుచేశాడు. కొత్త సర్క్యులరు వచ్చింది. అందులో యావత్తులు యావత్తూ పడ్డాయి: ఇకమీదట ముఖమే ముఖ్యము. ప్రతి ఛాయాచిత్రమునందు ముఖము సంపూర్ణముగా, సుస్పష్టముగా, సమతౌల్యముతో నవ్వుచు కనబడవలెను. పెదవుల రెండు కొసలు భూమికి సమాంతరముగా ఉండవలెను.

"మరి చీర, సార్?" అన్నాడు చిదంబరం.

"చీర ముఖాన్ని డామినేట్ చేయకూడదు. గడ్డం దగ్గర చిత్రం ఆపేయండి. చీరను ప్రజల ఇమాజినేషన్‌కు వదిలేద్దాం," అన్నారు ప్రభంజనరావుగారు. చాలాకాలం తర్వాత బట్ట లేకుండా కనబడ్డ ఆయన ముఖం తెల్లగా, ఉడకబెట్టిన గుడ్డులా ఉంది.

"ముఖము లేనిదే ముఖ్యము లేదని నేను మొదటినుంచీ చెప్పుచునే ఉన్నాను," అన్నారు ఆచార్యులుగారు.

"హైమావతి ఫొటో రేపు సెలక్షన్ కమిటీ ముందు పెట్టాలి," అన్నారు డైరెక్టరుగారు. "పాతమ్మాయి, ఫేస్ చూసి చాలాకాలమైంది. సర్క్యులరుకు సరిపోతే ఉంచుతాం. లేకపోతే వేరే ఫేస్ చూసుకుంటాం."

రాత్రి చిదంబరానికి నిద్ర పట్టలేదు. తాను పెంచిన పిచ్చి తననే దాటుకుని వెళ్ళి, రెండో వైపునుంచి వచ్చి ఆమె మీదే పడింది. మధ్యలో తానెక్కడా లేడు. తాను చేసిందల్లా కప్పడం. సంస్థ ఆమె ముఖాన్ని ఒక గుడ్డతో కప్పితే తాను దయతో కప్పాడు. కప్పినవాడికి దయ కనబడుతుంది. లోపల ఉన్నవాళ్ళకు రెండూ ఒకటే చీకటి కాదా? ఈ ఆలోచనను పూర్తిచేయడం ఇష్టం లేక ఉపాయాలు వెతికాడు.

పొద్దున్న హైమావతి వచ్చేసరికి ఉపాయాలన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి.

"కంగారు పడకండి," అన్నాడు. "ముఖం పక్కకు తిప్పితే కుడివైపే పడుతుంది. ఒప్పుకోరంటారా, లెన్సుకు వాసెలీను పూద్దాం. మెత్తబడిపోతుంది. మేజోడు కూడా తెచ్చాను. అదీ కాదంటే ఇంకో ఉపాయం ఉంది. కుడి సగాన్నే రెండుసార్లు అచ్చువేసి, ఒకదాన్ని తిరగేసి అతికిస్తాను. రెండు కొసలూ సమాంతరంగా వస్తాయి. కొలత పెట్టి చూసినా దొరకదు."

ఆమె పాత బొమ్మతో ఆయన చేసిపెట్టిన నమూనాను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఎవరండీ ఈవిడ?"

"మీరే."

"నేను కాదు. ఈవిడ ఎప్పుడూ పుక్కిలించి ఉండదు." బొమ్మను బల్ల మీద బోర్లా పెట్టింది. "మీ చరిత్ర రిపోర్టు మాణిక్యమ్మ చదివి వినిపించింది లెండి. పట్టుకొమ్మ, వాసెలీను, మేజోడు. ఇన్నేళ్ళూ మీరు నన్ను తీస్తున్నారనుకున్నాను. దాస్తున్నారన్నమాట."

"మీకోసమే..."

"తెలుసు. నేనే అడిగాను. దణ్ణం కూడా పెట్టాను." ఆమె స్టూలు మీద కూర్చుని కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఆఫీసంతా బట్టలు చుట్టుకు తిరిగినన్నాళ్ళూ హాయిగానే ఉంది. నిన్న అందరూ విప్పేశారు. వరండాలో ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకుని ఎంత సిగ్గుపడ్డారో! డైరెక్టరుగారైతే పాపం... చూశారా, నేనే 'పాపం' అన్నాను. అంటే ఆ మాటకి చచ్చిపోనక్కర్లేదు. ఎవరికైనా అనొచ్చు."

చిదంబరం వాసెలీను డబ్బాకు మూత పెట్టాడు.

"తీయండి, చిదంబరంగారూ. ఉన్నది ఉన్నట్టు తీయండి. ఆ తర్వాత వాళ్ళు నన్ను తీసేస్తే తీసేయనీండి. కానీ ఎవర్ని తీసేస్తున్నారో చూసి తీసేయాలి. గుడ్డని చూసి ఉంచుకున్నారు, ఇప్పుడు అతుకుబొమ్మని చూసి ఉంచుకోవడం నాకొద్దు. తెనాలి ఎక్కడికీ పోదు. రైలు రోజూ ఉంటుంది."

"కొలత పెడతారు."

"పెట్టుకోనీండి. మీరు చెప్పండి. మీకెలా కనబడుతున్నాను?"

ఆయన చూపు ఎప్పటిలాగే గోడవైపు తిరగబోయింది. నల్లగుడ్డ చేతికి అందేంత దూరంలోనే ఉంది. అందుకోలేదు. చూశాడు. కుడివైపు ముఖం ఆయనకు బాగా తెలిసినదే. ఏళ్ళ తరబడి ఎలా చూడమంటే అలా చూసిన ముఖం. ఎడమవైపు జారిన పెదవి, మూతపడని కన్ను ఎవరు చెప్పినా వినేటట్టు లేవు. ఆ కన్ను తడిగా, రెప్ప వేయకుండా ఆయన్నే చూస్తోంది. ఇరవయ్యేళ్ళలో తనను ఇంతసేపు చూసిన మనిషి ఇంకొకరు లేరని చిదంబరానికి తోచింది.

బయట కమిటీవాళ్ళ చెప్పుల చప్పుడు వినబడింది. "అయిందా మిస్టర్ చిదంబరం? స్కేలు తెచ్చాం," అన్నారు ప్రభంజనరావుగారు తలుపు అవతలనుంచి.

చిదంబరం ఆమె కుడివైపున వెలుగుతున్న పెద్ద దీపాన్ని స్టాండుతో సహా పైకెత్తి, మెల్లగా నడిచి, ఎడమవైపుకు తెచ్చి పెట్టాడు.